నాచు నీళ్ళు, రాజుగారి మజ్జిగ

సముద్రపు ఒడ్డున ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. తాను సూర్యవంశపు వాడినని ఆయనకు మహా గర్వం. అందుకే మండువేసవిలో కూడా పట్టుబట్టలు, కిరీటం, ఒంటినిండా నగలు పెట్టుకుని మేడమీద మిట్టమధ్యాహ్నపు ఎండలో కొలువు తీర్చేవాడు. ఏ వంశమూ కాని సభికులు కూడా పాపం ఆయనతో పాటే మాడేవారు.

ఒకరోజు ఆయన పల్లకి ఎర్రక్క అనే రైతు వంగతోట పక్కగా పోతుంటే గుప్పున కంపు కొట్టింది. రాజుగారు పూసుకున్న జవ్వాది దాని ముందు ఎందుకూ కొరగాలేదు.

"ఏమిటిది?" అని గర్జించాడు.

"నాచు నీళ్ళు మారాజా! సముద్రపు నాచు, బెల్లం కలిపి కుండల్లో పులియబెట్టాను. వడగాలి రాకముందే చల్లితే మొక్కలు తట్టుకుని నిలబడతాయి. లేకపోతే పూతంతా రాలిపోద్ది. ఈ తోటే మాకు కూడు" అంది ఎర్రక్క.

"ఎరువా?"

"కాదు మారాజా, అది ముందే ఏశాను."

"పోనీ, తెగులుకు మందా?"

"తెగులేమీ లేదు."

"తిండీ కాదు, మందూ కాదు. ఉత్త దండగ! ఇకమీదట తిండీ మందూ కానిదేదీ ఎండకని ఎవరూ ఎవరికీ ఇవ్వరాదు. ఇస్తే దేశబహిష్కారం. దండోరా వేయించండి!"

భటులు కుండలు మోసుకెళ్ళి కోటగుమ్మం దగ్గర పెట్టారు. వెనకే ఏడ్చుకుంటూ వచ్చిన ఎర్రక్క విదూషకుడు చిట్టిభొట్లు కంటపడింది. సంగతి విన్న చిట్టిభొట్లుకు జాలేసింది. ఆమె తోటలోని వంకాయలంటే ఆయనకు ప్రాణం కూడాను.

"ఏడవకమ్మా. రేపు కొలువు అయ్యేదాకా ఓపిక పట్టు" అన్నాడు.

మర్నాడు కొలువు మొదలైంది. రోజూ ఆ వేళకు అల్లం, కరివేపాకు వేసిన పుల్లమజ్జిగ వెండిచెంబులో వచ్చేది. ఆరోజు రాలేదు.

"మజ్జిగేదీ?" అన్నాడు రాజు.

"నేనే ఆపించాను ప్రభూ. తమరి భోజనమైంది కదా?" అన్నాడు చిట్టిభొట్లు.

"కడుపునిండా!"

"వైద్యులవారూ, ఏలినవారికి జబ్బేమైనా ఉందా?"

వైద్యుడు నాడి చూసి, "నిక్షేపంగా ఉన్నారు" అన్నాడు.

"అయితే ఆ మజ్జిగ తిండీ కాదు, మందూ కాదు. ఇస్తే పరిచారిక దేశం విడిచిపోవాలి. పిల్లల తల్లి, పాపం."

రాజుకు రోషం వచ్చింది. "మాకు అక్కర్లేదు" అని బిగుసుకు కూర్చున్నాడు. కాసేపటికి చెమట ధారకట్టింది, కిరీటం కనుబొమల మీదికి జారింది, ఆపైన తలే వాలిపోయింది.

"చిట్టిభొట్లూ, ఒక్క గుక్క..."

"కడుపు నిండింది, జబ్బు లేదు. మరి ఎందుకు వాడిపోయారు ప్రభూ?"

"ఎండయ్యా, ఎండ!"

"ఎర్రక్క వంగమొక్కల బాధా అదే. పైగా అవి సూర్యవంశం కూడా కాదు."

రాజు కిరీటం పైకి నెట్టి గుడ్లురిమి చూశాడు. అంతలోనే పొట్ట పట్టుకుని నవ్వేశాడు.

"ఓడిపోయానయ్యా! దండోరా రద్దు. ముందు మజ్జిగ తెప్పించు, తర్వాత కుండలు పంపుదాం."

"ముందు కుండలే ప్రభూ, వడగాలి లేచేలా ఉంది."

కుండలు బండెక్కాక గానీ రాజుగారికి మజ్జిగ అందలేదు. చెంబు ఖాళీ చేసి, మెడలోని ముత్యాలహారం తీసి చిట్టిభొట్లు మెడలో వేశాడు. "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"కొలువుకు ఒక తాటాకు పందిరి" అన్నాడు చిట్టిభొట్లు. సభికులంతా లేచి జేజేలు కొట్టారు.

వడగాలి వీచిపోయింది, ఎర్రక్క తోటలో పూత నిలిచింది. ఆ దారిన పల్లకి వెళ్ళినప్పుడల్లా రాజుగారు ముక్కు మూసుకుని, "కానివ్వమ్మా, బాగా చల్లు! ఒరేయ్, మీరు మాత్రం కాస్త తొందరగా నడవండ్రా!" అనేవారు.