పదివేల ఏడు ఇటుకల వరుస

"ఇద్దరికి పంచితే ఒకటి మిగిలే, ముగ్గురికి పంచితే రెండు మిగిలే..." ఆ తర్వాత ఏముందో మరిచిపోయాను. ఇటుకల బట్టీ నాంచారమ్మవ్వ పాడుతుంటే చిన్నప్పుడు విన్నాను. అది వట్టి పాట కాదని, ముసలితనంలో అంకెలు నేర్చుకున్నాక గాని నాకు తెలియలేదు.

ఆమె వయసులో ఉన్నప్పుడు బట్టీ నేల మీద దొర కన్ను పడిందట. లెక్కలు తెలిసిన కరణం దొర చెవిలో ఏదో చెప్పాడు. దొర ఊరందరి ముందు అన్నాడు: "నీ దగ్గర పదివేల ఏడు ఇటుకలున్నాయి. ఎన్ని వరుసలైనా పేర్చుకో. ఒక్కటీ మిగలకూడదు, ఏ వరుసా పొట్టి కాకూడదు, వంకర పోకూడదు. పేరిస్తే బట్టీ నీది. లేకుంటే నాది."

ఆమె రెండు వరుసలు పేర్చింది, మూడు పేర్చింది, ఏడు పేర్చింది. ప్రతిసారీ ఏవో మిగిలాయి.

కరణం మీసం దువ్వాడు. "ఆ లెక్క ఎవరికీ సమంగా పంచబడదే, పిచ్చిదానా!"

"అట్లాగా బాబూ? అయితే పంచను."

నాంచారమ్మ ఒక్కటే వరుస మొదలుపెట్టింది. అది వీధులు దాటి, నేరుగా వెళ్లి దొర కోటగోడకు తగిలింది.

"దొరా, సగం ఇటుకలు ఇంకా బట్టీలోనే ఉన్నాయి. గోడ తీయిస్తారా?"

"పక్కకు తిప్పు!"

"వంకర పోకూడదన్నది తమరేగా."

దొర తన గోడకేసి చూశాడు. "బట్టీ నీదే, పో" అన్నాడు.

ఆఖరుసారి చూసినప్పుడు అవ్వ నా చెయ్యి పట్టుకుని అంది: "ఆ గోడ దగ్గర కూర్చుని వెనక్కి చూశాను తల్లీ. మొదటి ఇటుక కనపడలేదు. అదీ సగం వరుసే."