గోధుమ నూనె మహిమ

పూర్వం ఒక రాజవైద్యుడు, ముసలి మగవాళ్ళకు మూత్రాశయం కింద రాచపుండు రాకుండా నూరుమందికి ఏడాదిపాటు గోధుమమొలకల నూనె తాగించాడు. ఇక రాజ్యమంతా తాగాల్సిందేనని చాటింపు వేయించమని రాజుకు చెప్పాడు.

ఆ నూరుమందిలో గానుగ పోలమ్మ మొగుడూ ఉన్నాడు. నూనె పడక అతను చిక్కి సగమయ్యాడు. పోలమ్మ కడుపు మండి సభకు వెళ్ళింది.

"తాగినవాళ్ళలో తొంభైమందికి జబ్బే రాలేదు!" అన్నాడు వైద్యుడు మీసం దువ్వుతూ.

"మరి తాగనివాళ్ళలో, అయ్యగారూ?"

ఆ లెక్క వైద్యుడు చూడనేలేదు. రాజు అదే ఈడువాళ్ళను, నూనె తాగని నూరుమందిని వెతికించాడు. తొంభై ఆరుగురికి జబ్బు లేదు.

పోలమ్మ చేతులు జోడించింది. "తమ మందు గొప్పదేనండీ. కాకపోతే తాగనివాళ్ళకే బాగా పనిచేస్తోంది!"

రాజు పకపకా నవ్వి చాటింపు ఆపించాడు. ఆ పూట పోలమ్మ మొగుడు మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.