టీ కప్పుల స్నానాలగది

మా గురువుగారిని ప్రశ్న అడగడం తేలికే. జవాబు రాబట్టడమే కష్టం, ఎందుకంటే అడిగినవాడి చేతికి ముందు ఏదో ఒక పని వచ్చేది. మాయ అంటే ఏమిటండీ అని అడిగిన ఒకాయన మూడు రోజులు బియ్యంలో రాళ్లు ఏరాడు. మోక్షం గురించి అడిగిన ఇంకొకాయన నూతి గిలకకి నూనె రాసి, చేతులు కడుక్కుని, ఆ మధ్యాహ్నం రైలుకే వెళ్లిపోయాడు. అందువల్ల మా ఆశ్రమంలో జిజ్ఞాస కాస్త తక్కువగానే ఉండేది.

అయినా ఫణిభూషణం అడిగాడు. మా తొమ్మిదిమందిలోనూ ఆయన పెద్దవాడు, మేమంతా అన్నయ్యా అని పిలిచేవాళ్లం. ఉద్యోగం మానేసి వచ్చాడు గాని ఉద్యోగంలో ఉండే హడావిడి మానలేదు. ఒకనాడు పాఠం అయ్యాక లేచి నిలబడి, "గురువుగారూ, మనిషికి సిగ్గు ఉండాలా, ఉండకూడదా?" అన్నాడు.

"ఇప్పుడు దేన్ని చూసి సిగ్గుపడుతున్నావు?" అన్నారు గురువుగారు.

"మన అతిథుల స్నానాలగదిని చూసండి."

"అయితే దాని సంగతి చూడు."

ఫణిభూషణం బాధ ఊరికే పుట్టింది కాదు. పార్వతీపురం దాటాక రోడ్డు పక్కనే ఉండే మా ఆశ్రమానికి పేరు పెద్దది, ఇల్లు చిన్నది. మేం నూతి దగ్గర స్నానాలు చేసేవాళ్లం. వచ్చేపోయే అతిథుల కోసం మాత్రం వెనకవైపు ఒక గది ఉండేది. అది నలభై ఏళ్ల నాటిది. గోడలకి పచ్చరంగు, ఆ రంగు మీద ఇంకో రకం పచ్చగా నాచు, అడుగున తుప్పు పట్టి ఎలకలకి దారి ఇచ్చే రేకు తలుపు, మోకాలి ఎత్తున ఇత్తడి కుళాయి, దాని కింద నీళ్ల తొట్టి, తొట్టి పక్కన జానెడు ఎత్తున నల్లటి బండరాయి. కిందటేడు విశాఖపట్నం నుంచి ఒక లెక్చరరుగారు భార్యతో వచ్చారు. ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని ఆ గదిలోకి వెళ్లి, వెళ్లినంత వేగంగానూ బయటికి వచ్చి, "ఇక్కడ దగ్గర్లో లాడ్జి ఏమైనా ఉందాండీ?" అని ఎంతో మర్యాదగా అడిగింది. ఆ మర్యాదే అన్నయ్యకి గుచ్చుకుంది. ఈ కార్తీకంలో ఆ దంపతులు మళ్లీ వస్తున్నామని ఉత్తరం రాశారు.

గురువుగారు ఇవ్వగలిగిన డబ్బుతో మంచి కుళాయి ఒకటి వస్తుంది, లేదంటే నాసిరకం తలుపు ఒకటి వస్తుంది. ఫణిభూషణం ఆ డబ్బుతోనే గది మొత్తం మార్చేశాడు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. తలుపు అడుగున నూనె డబ్బా రేకు కొట్టి, తనే నీలం రంగు వేశాడు. ఎవరో ఇల్లు పడగొడుతుంటే వెళ్లి షవర్ అడిగి తెచ్చాడు. మూసేసిన ఒక సెలూన్ నుంచి అద్దం తెచ్చాడు, దాని మీది అక్షరాలు ఎంత గీకినా 'సెలూ' వరకూ మిగిలిపోయాయి. ఇక టైల్స్ అంటారా, దుకాణంలో అమ్ముడుపోక మిగిలినవి కారుచౌకగా దొరికాయి. అవన్నీ ఒక రకం కావు. కొన్నిటి మీద ద్రాక్షగుత్తులు, కొన్నిటి మీద పొగలు కక్కుతున్న టీ కప్పూ సాసరూ.

తాపీమేస్త్రి అప్పలనాయుడు వాటిని చూసి నెత్తి గోక్కున్నాడు. "బాబూ, ఇవి వంటింటి టైల్సు బాబూ. తానాల గదిలో టీ కప్పులేటి?"

"తలకిందులుగా పెట్టెయ్. ఏదో డిజైన్ అనుకుంటారు."

"తలకిందులు సేత్తే టీ ఒలికిపోద్ది కదా బాబూ!"

మేమంతా పడీపడీ నవ్వాం. చివరికి గోడలకి టీ ఒలకకుండానే అంటించి, మిగిలినవి నేల మీద పరిచారు. అప్పలనాయుడు ఇంకో మాట కూడా అన్నాడు, దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఎవరూ వినలేదు. "ఈ బండ తీసేత్తే కూకోడానికేటి బాబూ?" అన్నాడు. "షవర్ కింద ఎవరైనా కూర్చుంటారటయ్యా?" అని ఫణిభూషణం ఆ బండనీ తొట్టినీ తీయించేశాడు, కుళాయిని ఛాతీ ఎత్తుకి మార్పించాడు. బండని గునపాలతో లేపి గేటు దాకా దొర్లించిన నలుగురిలో నేనూ ఉన్నాను. దొర్లినప్పుడల్లా "గోవిందా!" అని అరిచినవాణ్ని నేనే. ఆ అరుపు తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

లెక్చరరుగారూ భార్యా వచ్చారు. ఫణిభూషణం తలుపు తీసి పట్టుకుని, పెళ్లికూతుర్ని చూపించినట్టు ఆ గదిని చూపించాడు. "అబ్బ, ఎంత మారిపోయిందండీ!" అందావిడ నిజంగానే సంతోషించి. ఆ తర్వాత, "మేం లాడ్జిలో దిగామండీ. స్నానాలు కానిచ్చే బయల్దేరాం" అంది. సాయంత్రం దాకా ఉండి వెళ్లిపోయారు. అన్నయ్య ఆ రాత్రి తువ్వాలు పట్టుకుని వెళ్లి, కొత్త గదిలో తనే స్నానం చేసి వచ్చాడు. ఎలా ఉంది అన్నయ్యా అని అడిగితే, "చల్లగా ఉంది" అన్నాడు.

తర్వాత నాలుగో రోజున, బహుళ ఏకాదశి మధ్యాహ్నం, వర్ధనమ్మగారు బస్సు దిగారు. ఆవిడది సాలూరు. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్లు బాగా అరిగిపోయాయి. ఎవరిళ్లలోనో పెళ్లిళ్లకీ తద్దినాలకీ వంట చేసి బతికేవారు. పద్దెనిమిదేళ్లుగా ప్రతి కార్తీకంలోనూ వచ్చి తొమ్మిది రోజులు మా దగ్గర ఉండి పాఠం విని వెళ్లేవారు. "ఏడాదికి ఈ తొమ్మిది రోజులే నాయనా, ఒకరు వడ్డిస్తే నేను కూర్చుని తినడం" అనేవారు. అన్నయ్య ఆవిడకీ గది చూపించాడు. ఆవిడ గోడ వంకా, నేల వంకా, పైన షవర్ వంకా చూసి, "ఎంత ముచ్చటగా చేశావు నాయనా" అన్నారు. ఆ రోజు అందరికీ ఉపవాసం.

మర్నాడు పొద్దున్నే మాకు పారణ. ఏకాదశి ఉపవాసం ద్వాదశి నాడు పెందలాడే విడవాలి కదా, అవిసాకు కూరా, ఉసిరికాయ పచ్చడీ, ముద్దపప్పూ చేశారు. విస్తర్లు వేశాక ఫణిభూషణం వెళ్లి వర్ధనమ్మగారిని పిలిచాడు. ఆవిడ తను దిగిన గది గుమ్మం దగ్గరే నిలబడి, "మీరు కానివ్వండి నాయనా, నాకు ఇవాళ కూడా ఉపవాసమే" అన్నారు.

అన్నయ్య పొంగిపోయి తిరిగొచ్చాడు. "చూశారట్రా! ఆ వయసులో ఆ నిష్ఠ! మీరూ ఉన్నారు, ఏకాదశి నాడు సాయంత్రం అయ్యేసరికి ఆవులింతలు" అని మాకు క్లాసు పీకాడు. నేను సిగ్గుపడ్డట్టు తల వంచుకుని, రెండోసారి పప్పు వేయించుకున్నాను. గురువుగారు మాత్రం, "నేను తర్వాత తింటాను" అని వసారాలోకి వెళ్లిపోయారు.

తొమ్మిదింటికి పాఠానికి కూర్చున్నాం. వర్ధనమ్మగారు ఎప్పుడూ కూర్చునే స్తంభం దగ్గర చోటు ఖాళీగా ఉంది. గురువుగారు పుస్తకం తెరవలేదు.

"ఫణిభూషణం, ఇవాళ తిథి ఏమిటోయ్?"

"ద్వాదశి అండీ."

"పొద్దున్న సంకల్పంలో చెప్పావా?"

"చెప్పానండి. ద్వాదశ్యాం అని గట్టిగానే చెప్పాను."

"చెప్పినవాడివి, విన్నావా?"

 ద్వాదశి నాడు ఎవరూ ఉపవాసం ఉండరు. ఎంత నిష్ఠ ఉన్నవాళ్లయితే అంత తొందరగా తినేస్తారు ఆ పూట. పంచాంగం ముఖం చూడని మా ఊరి కిరాణాకొట్టాయనకి కూడా తెలుసు ఆ సంగతి. పద్దెనిమిదేళ్లుగా తిథులు లెక్కపెట్టుకుంటూ వచ్చే మనిషికి తెలియదా? తెలిసే ఆ మాట చెప్పారు. ఇంకేం చెప్పాలో తోచక చెప్పారు. స్నానం కాకుండా ఆవిడ మెతుకు ముట్టరు. స్నానం ఎందుకు కాలేదో అన్నయ్యకి అప్పుడు తట్టింది. ఆయన ముఖంలో రక్తం దిగిపోవడం మాకందరికీ కనిపించింది. మా ముఖాలు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి అక్కడ అద్దం లేకపోయింది గాని, రెండోసారి వేయించుకున్న పప్పు నాకు గుర్తొచ్చింది.

పరిగెత్తాం. ఆవిడ గదిలో లేరు. గేటు బయట, సంచీ ఒళ్లో పెట్టుకుని, మేం దొర్లించి పారేసిన ఆ బండ మీదే కూర్చుని ఉన్నారు, బస్సు కోసం.

"అమ్మా, ఎక్కడికండీ? ఇంకా ఎనిమిది రోజులున్నాయిగా?" అన్నాడు ఫణిభూషణం రొప్పుతూ.

"ఊళ్లో పని గుర్తొచ్చింది నాయనా."

"స్నానం అయిందాండీ?"

ఆవిడ రోడ్డు వంక చూశారు. ముసలావిడ చెంపలు ఎర్రబడటం నేను అదే మొదటిసారి చూడటం. "నిలబడి పోసుకోలేను నాయనా. మోకాళ్లు వణుకుతాయి. నేల చూస్తే నున్నగా ఉంది, కాలు పెడితే జారింది. కూర్చుని పోసుకుందామంటే కుళాయి పైన ఉంది. తలుపేసుకుని చాలాసేపు నిలబడ్డాను. కూర్చుంటే తప్ప కుదరదని మగపిల్లలకి ఎలా చెప్పను? అయినా నువ్వు అంత సంబరంగా చూపించావు, కప్పులూ అవీ. పండగ చేసుకున్న ఇంట్లో నేను వంక పెడతానా?"

"నిన్ననే ఒక్క మాట చెప్పాల్సిందండీ..."

"ఏమని చెప్పేది? నాకే సిగ్గేసింది. గది బాగానే ఉంది, నేనే దానికి పనికిరాకుండా పోయాననిపించింది. ఇంక రాకూడదులే అనుకున్నాను."

మోకాళ్లు అరిగిన మనిషి, నిన్నటి నుంచి అన్నం లేని మనిషి, తప్పు తనదనుకుని సంచీ సర్దుకుని వచ్చి కూర్చున్నారు. ఫణిభూషణం దగ్గరికి వెళ్లి వంగాడు. ఆ సంచీని మెల్లగా ఆవిడ ఒళ్లోంచి తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. ఇంకో చెయ్యి ఆవిడకి ఆసరాగా ఇచ్చాడు. దూరంగా బస్సు హారన్ వినిపించింది. ఆవిడ ఆ వంక ఒకసారి చూసి, తర్వాత ఆ చెయ్యి పట్టుకుని లేచారు. బస్సు మా ముందే ఆగి, ఎవరూ ఎక్కకపోతే కండక్టరు విసుక్కుని రైట్ కొట్టాడు.

తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. ఒకడు కాగు కింద పుల్లలు ఎగదోశాడు. ఒకడు వంటింట్లోంచి గోనెసంచులు తెచ్చి, మెరిసిపోతున్న ఆ టైల్స్ మీద రెండు వరసలుగా పరిచాడు. నేను వెడల్పాటి పీట ఒకటి పట్టుకెళ్లి, కదలకుండా ఉందో లేదో దాని మీద కూర్చుని ఊగి చూశాను. అన్నయ్య వేణ్నీళ్లూ చన్నీళ్లూ బకెట్లలో కలిపి, చెయ్యి ముంచి చూసి, పీటకి అటొకటీ ఇటొకటీ పెట్టి, చెంబు అందేలా ఉంచి బయటికి వచ్చాడు. తలుపు వేసుకున్న చప్పుడు, కాసేపటికి నీళ్లు పడిన చప్పుడు వినిపించాయి. మేమంతా అటు వీపులు పెట్టి నూతి దగ్గర నిలబడ్డాం. అంతమందిలో ఎవరికీ ఒక్క చమత్కారం తోచలేదు. నాకు కూడా.

వర్ధనమ్మగారు ఉతికిన చీర కట్టుకుని వచ్చి విస్తరి ముందు కూర్చున్నారు. పక్కన గురువుగారి విస్తరి వేశాం. ఆయన అప్పటిదాకా తినలేదని మాకు అప్పుడే తెలిసింది. ఫణిభూషణం వడ్డించాడు. ఆవిడ రెండు ముద్దలు తిని, "అవిసాకులో ఉప్పు తగ్గింది నాయనా, ఎవరు చేశార్రా?" అన్నారు. మాకందరికీ ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ తిని, గదిలోకి వెళ్లి నడుం వాల్చాక, ఫణిభూషణం గురువుగారి ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కళ్లు ఎత్తలేకపోతున్నాడు.

"రేపే అప్పలనాయుణ్ని పిలిచి ఆ టైల్స్ పగలగొట్టించేస్తానండి."

"ఎందుకూ? ఆ టీ కప్పు నాకు నచ్చింది."

"మీరు ముందే ఒక్క మాట అని ఉంటే..."

"తెలిస్తే అనేవాణ్ని," అన్నారు గురువుగారు. "పద్దెనిమిదేళ్లుగా వస్తోంది. ఎలా పోసుకుంటున్నావమ్మా అని నేనెప్పుడు అడిగాను?"

ఆయన తల దించి విస్తరి వంక చూశారు. ఎప్పుడూ మేమే ఆయన ముందు తల వంచుకునేవాళ్లం. ఈసారి ఎటు చూడాలో మాకు తెలియలేదు. ఆయనే అన్నారు: "ఇకనుంచి ఎవరొచ్చినా, గది చూపించే ముందు నువ్వు అడుగు. నిలబడి పోసుకుంటారా, కూర్చునా అని."

ఫణిభూషణం కంగారుపడ్డాడు. "పెద్దవాళ్లని, అందులోనూ ఆడవాళ్లని, ఆ మాట ఎలా అడగనండీ? సిగ్గేస్తుంది."

"అదీ," అన్నారు గురువుగారు, విస్తరి మడుస్తూ. "ఉండాలా వద్దా అని నువ్వడిగిన సిగ్గు. అది దగ్గర పెట్టుకునే అడుగు."