రాజుగారి మీసం మీద మంత్రిగారు

మణిమేడు అనే ఒకానొక రాజ్యంలో రాజుగారి నీడ తొక్కినవాడికి కొరడా దెబ్బలు తప్పేవి కావు. ఆ చట్టం చేసింది రాజు ఉద్దండవర్మే. ఆయన వీధిలోకి వస్తే జనం గోడలకు అతుక్కుపోయేవారు.

ఆ రాజు ఊరందరి కోసం ఒక శాల కట్టించాడు. పెళ్లిళ్లు, పంచాయితీలు, వానాకాలపు సంత, నాట్యం, అన్నీ అందులోనే. మంత్రి కొమ్మయామాత్యుడు ఎక్కడెక్కడినుంచో నల్లరాయి తెప్పించి, అద్దంలా నునుపు తేల్చి నేలంతా పరిపించాడు.

ఆస్థాన కవయిత్రి నీలాంబకు ఆ రాయిని చూస్తేనే ఒళ్లు మండేది. ఆమె చెల్లెలు పద్మిని దసరాకు అక్కడే తొలిసారి ఆడాలి. సాధనలో ఇప్పటికే జారి పడింది. మోకాళ్లు వాచిపోయాయి. మొర పెట్టుకుంటే రాజుగారన్న మాట ఇది: "దోషం నేలలో లేదు, కాళ్లలో ఉంది. రేపు మా ఎదుట ఆడమను. పడిందా, గజ్జెలు విప్పి ఇంట్లో కూర్చోమను."

మర్నాడు రాజుగారు ఎత్తైన పీఠమెక్కి కూర్చున్నారు. పద్మిని పాదం ఎత్తింది.

"ఆగవే!" అని అరిచింది నీలాంబ.

రాజుగారు కనుబొమలు ముడిచారు. "ఏమిటా అరుపు?"

"దానికి అడుగు పెట్టే చోటేదీ ప్రభూ? కిందకు చూడండి. మీ కిరీటం, మీ ముఖం, మీ మీసం! నీడ తొక్కితేనే కొరడా. ముఖం మీద తాండవమాడితే ఏం శిక్ష?"

సభ గతుక్కుమంది. మంత్రి గబగబా నేల మధ్యకు వచ్చాడు. "జంపఖానా పరిపిద్దాం!"

"ఇంత రాయి తెప్పించింది జంపఖానా కింద దాచుకోడానికా, మంత్రిగారూ? ఆ మాట అలా ఉంచండి. ఇటునుంచి చూస్తే తమరిప్పుడు ప్రభువుల మీసం మీద నిలబడ్డారు."

మంత్రి కెవ్వుమని ఎగిరాడు. దిగడం మాత్రం వీపు మీద దిగాడు. అక్కడితో ఆగక, రాజుగారి పాదాల దాకా జారుకుంటూ వచ్చాడు.

రాజుగారి మీసాలు అదిరాయి. ఆపుకుందామనుకున్నారు గానీ, నవ్వు పొట్ట పట్టుకునేలా తన్నుకొచ్చింది.

"సరేనమ్మా! మరి ఏ నేల వేద్దాం?"

"టేకు పలకలు, ప్రభూ. కింద దూలాలు, మధ్య కాస్త ఖాళీ. అడుగు పడ్డప్పుడు పలక కొంచెం ఒదిగి దెబ్బను తనమీద వేసుకుంటుంది. మోకాలు బతుకుతుంది."

"చెదలు పడితే?" అన్నాడు మంత్రి పడుకునే.

"మన రథం టేకుదే కదండీ! తాతగారి నాటిది. ఏటా నూనె పట్టిస్తున్నారు, ఇప్పటికీ ప్రభువులను మోస్తోంది. ప్రభువుల కంటే బరువైన సంత ఎక్కడుంది?"

రాజుగారు మళ్లీ నవ్వి, తన చేతి కంకణం తీసి ఆమెకిచ్చారు. నీడ చట్టాన్ని అక్కడే రద్దు చేశారు.

దసరానాడు టేకు నేల మీద పద్మిని గజ్జెలు ఘల్లుమన్నాయి. ఆట ముగిశాక మోకాళ్లు తడుముకుని, "అక్కా, నొప్పే లేదే!" అంది.

ఆ నల్లరాయి ఏమైందంటారా? రాజుగారు దాన్ని మంత్రిగారింటి వసారాలో వేయించారు. కొమ్మయామాత్యుడు నేటికీ గోడ పట్టుకునే ఇంట్లోకి వెళతాడు.