కడుపు దాచలేని నిజం

మోదుగులు పూసి కొండవాలంతా ఎర్రబారిన రోజుల్లో, సింగారయ్య అనే నక్క కూసిన కూతకు ఈరమ్మ అనే ఆడనక్క మనసిచ్చేసింది. వెన్నెల కూడా ఆగి వినేంత కమ్మగా కూసేవాడు మరి. పిల్లలు పుట్టగానే ఆ కూత పక్క కొండ మీద వినబడసాగింది. ఈరమ్మకు పాలు ఎండిపోయాయి. గద్దల భయానికి పిల్లల్ని వదిలి వేటకు పోలేదు.

ఆ అడవిలో రేచుకుక్కలనే అడవికుక్కలకో కట్టుబాటు ఉంది. వేటలో ముందు పిల్లలు తినాలి, తర్వాతే పెద్దలు. ఏ జాతి తల్లి వచ్చి అడిగినా, తండ్రి వేటలో పిల్లల వాటా అవే వసూలు చేసి తెచ్చిస్తాయి. అడగకపోతే జోలికి రావు.

ఈరమ్మ వాటిని అడిగిందని తెలిసి సింగారయ్య ఒక ఎండ్రకాయ పట్టుకుని పరుగున వచ్చాడు.

"మనింటి గుట్టు కుక్కల నోట్లో పెడతావా ఈరీ? వద్దని చెప్పెయ్. రేపట్నుంచి నేనే తెస్తాగా."

'ఈరీ' అన్న ఆ పిలుపుకే కరిగిపోయి, ఆమె వెళ్లి వద్దని చెప్పింది. రేచుకుక్కల పెద్ద దొడ్డవ్వ తప్పు పట్టలేదు. మనసు మారితే మళ్లీ రమ్మంది, తన వాకిలికి గడియ లేదంది.

ఆ ఎండ్రకాయతోనే సరి. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు సింగారయ్య మళ్లీ కనబడలేదు. చిన్నపిల్ల లేచి నిలబడలేకపోయిన పొద్దున, ఈరమ్మ సిగ్గు పక్కనపెట్టి దొడ్డవ్వ దగ్గరికి నడిచింది.

దొడ్డవ్వ అతణ్ణి ఈరమ్మ బొరియ దగ్గరికే పిలిపించింది. ఒళ్లంతా బూడిద పూసుకుని, పొట్ట బిగబట్టి, కుంటుకుంటూ వచ్చాడు. తిండి మొహం చూసి ఎన్నాళ్లయిందోనని ఏడ్చాడు. దొడ్డవ్వ తటపటాయించింది. లేనివాడి దగ్గర వసూలు చేయడం కట్టుబాటులో లేదు.

"లేకపోతే పోనీలే అవ్వా," అంది ఈరమ్మ నింపాదిగా. "పిల్లలు నాన్న కోసం బెంగపెట్టుకున్నాయి. ఒక్కసారి ముద్దాడనీ."

"దానికేం భాగ్యం, రమ్మను," అన్నాడు సింగారయ్య కళ్లు తుడుచుకుంటూ.

పిల్లలు వచ్చి అతని మూతి నాకాయి. నక్కల పుట్టుకే అంత, పిల్ల మూతి నాకితే తిన్నది కక్కి పెట్టాల్సిందే, మనసుతో పనిలేదు. సింగారయ్య పళ్లు బిగించాడు గానీ కడుపు మాట వినలేదు. పొద్దున మింగిన కుందేలు మాంసమంతా పిల్లల ముందు కుప్పపడింది.

"పస్తున్నవాడి కడుపులో కుందేలు బాగానే కాపురముందయ్యా," అంది దొడ్డవ్వ.

ఆ పూట నుంచి సింగారయ్య ఏం పట్టినా, పిల్లల వాటా తీసేదాకా రేచుకుక్కలు పక్కనే కూర్చునేవి.

నీతి: తియ్యటి మాటకు కరిగి పిల్లల హక్కు వదలకు, వదిలినా మళ్లీ అడగడానికి సిగ్గుపడకు.