ఎలుగుబంటి కూత

నెమలిని సువార్తకిచ్చి తనకు ఎలుగుబంటిని అంటగట్టిన రోజు నుంచి గోవర్ధనానికి అన్నం సయించడం మానేసింది.

నెమలంటే మామూలు నెమలి కాదు. ఈసారి జాతరలో ఆడబోయే ‘అడవిలో పెళ్లి’ బొమ్మలాటలో పెళ్లికూతురు అదే. పాట మధ్యలో పురి విప్పాలి. జనం పిల్లల్ని భుజాలకెత్తుకుని చూసేది ఆ కాసేపటి కోసమే. మరి ఎలుగుబంటో? ఓ మూల కూర్చుని డోలు కొట్టాలి. దాన్నెవరు చూస్తారు? చూసినా, దాని చేత కొట్టించిన మనిషెవరని ఎవరడుగుతారు?

చీరాల బైపాసు పక్కన రేకుల షెడ్డులో దస్తగిరి మాస్టారు కదిలే బొమ్మలు చేస్తారు. టేపురికార్డర్ల కాలంలో మొదలుపెట్టిన పని. క్యాసెట్టులో ఒక ట్రాకు మీద కథ, పాటలు. రెండో ట్రాకు మీద కూతలు. కథ లౌడుస్పీకరుకి పోతుంది, దాన్ని జనం వింటారు. కూతలు తీగ వెంట బొమ్మ కడుపులోకి పోతాయి, వాటిని బొమ్మ ఒక్కటే వింటుంది. సన్నని కూత వినబడితే చెయ్యి లేస్తుంది, బొంగురు కూత వినబడితే దిగుతుంది. ఇప్పుడు క్యాసెట్టు పోయి మెమరీ కార్డు వచ్చింది. బొమ్మ కడుపులో అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డు చేరింది. కూతలు మాత్రం కూతలే.

షెడ్డులో ఒక ఆచారం కూడా మారలేదు. ఎవరు కొత్త కూతలు కట్టినా ముందు మాస్టారి చెవిన వెయ్యాలి. ఆ సమయానికి మిగతా బొమ్మలన్నిటి స్విచ్చులూ ఆపేస్తారు. మాస్టారు కిటికీ పక్కన ప్లాస్టిక్ వైరు అల్లిన కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంటారు. కూతలు స్పీకరులో పైకి మోగుతాయి. అవి ఏ బొమ్మవో ఆయన విని చెప్పాలి. చెప్పగలిగితే ఆ కూతలు పాసు. చెప్పలేకపోతే తప్పు ఆయన చెవిది కాదు, కట్టినవాళ్లది.

సంక్రాంతి వెళ్లిన కొత్తలో మాస్టారు ఓ మాట అన్నారు.

“ఈ జాతరతో సరి. కుడి చెవి మొరాయిస్తోంది. ఆ తర్వాత ఈ కుర్చీలో మీలో ఒకళ్లు కూర్చోవాల.”

గోవర్ధనం ఆ రోజు ఇంటికి ఈలేసుకుంటూ వెళ్లాడు. మీసాలు మొలవకముందు ఈ షెడ్డులో అడుగుపెట్టినవాడు. మాస్టారి టంకం వాసన పీల్చి పెద్దయినవాడు. తను కాక ఇంకెవరు? మొన్న మొన్న వచ్చిన సువార్తా? కాలేజీ మానేసి, పాత ఫోన్లు బాగుచేసుకుంటూ, దారి తప్పి ఇటొచ్చిన పిల్ల!

ఆ పిల్లకే నెమలి దక్కింది.

అక్కడితో అయినా పోనీ అనుకునేవాడేమో. సువార్త తన కూతలు చెవిన వేసిన సాయంత్రం అతని కడుపులో నిప్పు రాజుకుంది.

గోవర్ధనం కట్టే కూతలు మెట్ల లాంటివి. ఒక మెట్టు, ఇంకో మెట్టు, చెయ్యి టక్కున లేస్తుంది, టక్కున దిగుతుంది. సువార్త కూతలో మెట్లు లేవు. అది కింద ఎక్కడో మొదలై, జారుతూ, సాగుతూ, వణుకుతూ పైకి పోయింది. వింటుంటేనే ఈకలు ఒక్కొక్కటీ విచ్చుకుంటున్నట్టు అనిపించింది.

“నెమలి,” అన్నారు మాస్టారు.

తర్వాత కళ్లు తెరవకుండానే, “ఇంకోసారి వెయ్యమ్మా,” అన్నారు.

ఇంకోసారి! ఇన్నేళ్లలో ఎన్ని బొమ్మలకి కూతలు కట్టాడు గోవర్ధనం! బొమ్మ పేరు చెప్పి ‘ఊఁ’ అనడమే తప్ప, ఇంకోసారి వెయ్యమని ఆయన ఒక్కనాడూ అడగలేదు. ఎప్పుడైనా అంటారేమోనని ప్రతిసారీ స్విచ్చు మీద వేలుంచుకుని కాచుకునేవాడు. ఆ మాట వేరేవాళ్లకి ఇంత చవగ్గా దొరికింది.

ఆ పిల్ల మంచిదైనా కాకపోయుంటే బాగుండేది. మర్నాడు తనే వచ్చి, “అన్నా, ఆ జారుడు ఎట్టా వచ్చిందో చూపించనా? మీ ఎలుగుబంటికి పనికొస్తుందేమో,” అంది.

“నాకు చాలా పనుంది,” అన్నాడు గోవర్ధనం. ఆ పూట అతనికి పనేమీ లేదు.

అడిగి నేర్చుకోవడానికి నామోషీ. నేర్చుకోకుండా ఉండటానికి కుళ్లు. రెండూ కలిసి అతన్ని ఓ పనికి పురిగొల్పాయి. మిగతావాళ్లు భోజనానికి వెళ్లినప్పుడు ఎలుగుబంటి వీపు తెరిచి బోర్డుకి చిన్న మైకు అతికించాడు. తీగ వెంట వచ్చే కూతలే కాక, గాలిలో ఏ కూత వినబడినా పట్టుకుని దాచుకునేలా, దాని వెంటే చెయ్యి కదిలేలా ప్రోగ్రాము మార్చాడు. సువార్త నెమలి కూతలు సరిచూసుకునేటప్పుడల్లా ఎలుగుబంటి స్విచ్చు వేసి, దాని మీద గోనెపట్టా కప్పేసి, తను స్క్రూలు ఏరుకుంటున్నట్టు నటించాడు.

పట్టుకున్నది బోలెడు. ఇంటికి తీసుకెళ్లి విన్నాడు. ముక్కలు కోశాడు, అతికాడు, కాస్త వేగం పెంచాడు. తన పాత డోలు కూతలు చెరిపేసి వాటి చోట ఇవి పెట్టాడు. ఎలుగుబంటి చేతికి డోలు పుల్ల బరువుంది కదా, ఆ జారుడు కూతకి డోలు మోగలేదు సరికదా, చలిజ్వరం వచ్చినట్టు చెయ్యి వణికింది. తన పని పొరపాటేమోనని అతనికి తట్టలేదు. ఈ పిల్ల అసలు కిటుకు ఇంకెక్కడో దాచిందనుకున్నాడు. మళ్లీ గోనెపట్టా కప్పాడు, మళ్లీ విన్నాడు.

జాతర దగ్గరపడింది. మిగతా బొమ్మలన్నీ అయిపోయాయి.

“గోవర్ధనం, నీదే మిగిలింది,” అన్నారు మాస్టారు ఓ మధ్యాహ్నం. “ఇయ్యాల వేసెయ్.”

ఆయన కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. సువార్త వెళ్లి బొమ్మల స్విచ్చులన్నీ ఆపింది. ఎలుగుబంటిది గోవర్ధనమే చూసుకుంటానన్నాడు. గోనెపట్టా తీసి గోడకి వేశాడు కానీ, కంగారులో స్విచ్చు సంగతి మర్చిపోయాడు. కార్డు పెట్టి మీట నొక్కాడు.

స్పీకరులో కూతలు జారాయి, సాగాయి, వణికాయి. ఎవరూ అటు చూడలేదు గానీ, ఎలుగుబంటి చెయ్యి కూడా వణికింది.

మాస్టారు తల కొంచెం ఎడమ పక్కకి వాల్చి, మంచి చెవితో చివరిదాకా విన్నారు.

“నెమలి,” అన్నారు.

సువార్త ఒక్కసారి గోవర్ధనం వంక చూసి, చూపు తిప్పుకుని, చేతిలోని తీగ చుట్టడం మొదలుపెట్టింది. ఆమె అరిచినా బాగుండునని అతనికి అనిపించింది.

అంతలో బయట టీ అమ్మే అబ్బులు సైకిలు గంట కొట్టాడు. ఎలుగుబంటి చెయ్యి లేచింది.

బైపాసు మీద ఆటో ఒకటి హారను మోగిస్తూ పోయింది. ఎలుగుబంటి రెండో చెయ్యి కూడా ఎత్తింది. పక్కింట్లో కుక్కరు కూసింది. ఎలుగుబంటి రెండు చేతులూ ఊపుతూ బస్సు ఆపుతున్నట్టు కూర్చుంది. ఇంకో వేళ అయితే అందరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు.

గోవర్ధనం తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

మాస్టారు లేచి దాని ముందుకొచ్చి గొంతుక్కూర్చున్నారు. పెదాలు సున్నాలా చుట్టి చిన్నగా ఈల వేశారు. ఎలుగుబంటి ఆయన వైపు చెయ్యి చాచింది. ఇంకాస్త సన్నగా వేశారు. చెయ్యి ఇంకాస్త లేచింది. ఆయన ఈల ఆపితే చెయ్యి పడిపోయింది. ఆయన ముఖంలో కోపం లేదు. జ్వరమొచ్చిన పిల్లవాడి నుదురు పట్టి చూసినట్టు ఆ బొమ్మ తల మీద చెయ్యి వేశారు.

“మరి దీని కూతేదిరా?” అని అడిగారు.

గోవర్ధనం కార్డు తీసి చేతిలో పట్టుకున్నాడు. జవాబు దాన్లో లేదు. తనే చెరిపేశాడు.

మాస్టారు జేబులోంచి కటింగు ప్లయరు తీసి బల్ల మీద పెట్టి, టీ తాగడానికి బయటికి వెళ్లిపోయారు.

గోవర్ధనం ఎలుగుబంటి వీపు తెరిచాడు. మైకు తీగ కత్తిరించాడు. సువార్త వచ్చి అతని పక్కన గ్లాసు టీ పెట్టింది.

“చల్లారిపోద్దన్నా, తాగండి.”

“నీ కూతలు దొంగిలించానమ్మాయ్,” అన్నాడు, ఆమె ముఖంలోకి చూడలేక టీలోకి చూస్తూ.

“తెలుసన్నా. గోనెపట్టా కింద అది కదులుతుంటే నేను చూడలేదనుకున్నారా?”

“మాస్టారికి చెప్పకపోయావేం?”

“మీరే అడుగుతారేమోనని చూశా.”

గోవర్ధనం గ్లాసు ఎత్తి టీ తాగాడు.

రెండు రోజులు అతను ఎలుగుబంటి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. దాని బరువు చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని, ఎత్తి, డోలు మీద వదిలి చూశాడు. ఎంత ఎత్తు నుంచి పడితే మోత నిండుగా ఉంటుందో, పడ్డాక పుల్ల ఎంతసేపు తిరిగి లేవనంటుందో చూశాడు. ఆ చెయ్యి జారేది కాదు. అది మెట్టు మెట్టుగా లేచి, ధన్‌మని పడే చెయ్యి. మెట్ల కూత కట్టడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. ఇంతకాలం వాటిని మామూలు కూతలనుకుని చిన్నబుచ్చుకున్నాడు.

మూడో రోజు పొద్దున మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. కళ్లు మూసుకున్నారు. గోవర్ధనం మీట నొక్కాడు.

బొంగురు కూత ఒకటి బద్ధకంగా లేచింది. ఆగింది. దబ్బున పడింది. మళ్లీ లేచింది. మధ్యలో ఓ చిన్న తడబాటు, ఒళ్లు బరువైనవాడు పెళ్లి సందట్లో హుషారొచ్చి లయ అందుకోబోయినట్టు. సువార్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

“ఎలుగుబంటి,” అన్నారు మాస్టారు. “ఊఁ.”

అంతే. రెండో మాట రాలేదు. దాని కోసం కాచుకోవాలన్న సంగతి ఈసారి గోవర్ధనానికి గుర్తే రాలేదు.

“అమ్మాయ్, నీ నెమలిది వెయ్యి. తీగా తగిలించు, స్పీకరులోనూ వెయ్యి,” అన్నాడు.

“అన్నా, మీ ఎలుగుబంటి స్విచ్చు ఆపలేదు.”

“ఉండనీ.”

సువార్త మీట నొక్కింది. కూత జారుతూ పైకి పోయింది. నెమలి ఒక్కో ఈకా విప్పుకుంటూ వణికింది. పక్కనే ఎలుగుబంటి పుల్లలు ఒళ్లో పెట్టుకుని మెదలకుండా కూర్చుంది. బయట ఆటోలు మోగుతున్నాయి. అది వాటినీ పట్టించుకోలేదు.

గోవర్ధనం బొమ్మల్ని చూడటం లేదు. గుంజకి వీపు ఆనించి, కళ్లు మూసుకుని వింటున్నాడు. కడుపులో మంట కోసం వెతుక్కుంటే, ఓ మూల కాస్త వెచ్చగా ఉంది, అంతే. కూత ఆగిపోయినా కళ్లు తెరవలేదు.

“ఇంకోసారి వెయ్యమ్మా,” అన్నాడు.

కుర్చీ కిర్రుమంది. మాస్టారు మోకాళ్లు పట్టుకుని లేచి, టీకని గుమ్మం వైపు నడుస్తూ అన్నారు.

“నిలబడి వింటావేంరా? కూర్చో.”