మాట ముందు, బొమ్మ వెనక

మాస్టారు పడీపడీ నవ్వారు. ఆ నవ్వు తనవల్ల వచ్చింది కాదు. పరాంకుశం బాధంతా అదే.

కృపానందం మాస్టారు విశాఖపట్నంలో ఓ పాత డాబా ఇంట్లో ఉంటారు. టెలిఫోన్ల శాఖలో ఇంజనీరుగా చేసి, ఆ కొలువు వదిలేసి, కింది వాటాని ప్రయోగశాల చేసుకున్నారు. బోర్డు లేదు. జీతాలు అంతంతమాత్రం. అయినా ఆయన దగ్గర పని నేర్చుకుందామని వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు, వచ్చినవాళ్ళలో చాలామంది వెళ్ళిపోతూనే ఉంటారు. ఎందుకంటే ఆయన పాఠం చెప్పరు. పని ఇస్తారు, చూస్తారు, "ఊఁ" అంటారు.

ఆ "ఊఁ"తోనే కడుపు నింపుకుని ఏళ్ళ తరబడి నిలిచినవాడు పరాంకుశం.

అక్కడ జరిగే పని ఇది. ఫోన్లో మనం మాట్లాడే మాటైనా, పంపే ఫొటో అయినా ఈ రోజుల్లో ఏకధారగా పోదు. చిన్నచిన్న ముక్కలై, ఒక్కో ముక్కా ఒక్కో పొట్లమై పోతుంది. అవతలి చివర పొట్లాలు విప్పి మళ్ళీ అతుకుతారు. పట్నంలో ఇది బాగానే నడుస్తుంది. ఏజెన్సీ కొండల్లో నడవదు. అక్కడ దారి సన్నం. వాన పడినా గాలి కొట్టినా సగం పొట్లాలు మధ్యలోనే మాయమైపోతాయి. ఆ కొండమీది ఆస్పత్రుల్లో నర్సులు పట్నంలో ఉన్న డాక్టరుతో మాట్లాడాలి, ఎక్స్‌రేలు పంపాలి. మాస్టారు పట్టుకున్న పని అది.

బొమ్మ పంపే పని పరాంకుశానిది. మాట పంపే పని తబస్సుమ్‌ది.

తబస్సుమ్ ఆదోని పిల్ల. పరాంకుశం లెక్కలో నిన్నగాక మొన్న వచ్చింది. వస్తూనే, దారిలో పోయిన మాటముక్కల్ని చెవికి తెలియకుండా పూడ్చేసే పద్ధతి ఒకటి కనిపెట్టేసింది. ప్రయోగశాలలో పొట్లాల్ని కావాలని పారేసే పెట్టె ఒకటుంది. దాన్ని వాళ్ళు దొంగపెట్టె అంటారు. తబస్సుమ్ ఆ దొంగని తన మాటమీదికి పూర్తిగా వదిలి, మాస్టారిని మేడమీద కూర్చోబెట్టి, కిందనించి ఫోన్లో అడిగింది.

"మాస్టారూ, భోంచేసినారా? ఏం కూర ఈరోజు?"

ఒక్క అక్షరం చెదరలేదు. మాస్టారు పంచె ఎగ్గట్టి కుర్రాడిలా మెట్లు దిగొచ్చారు. "దొంగకి ఏమీ దొరకలేదే!" అని నవ్వారు. మళ్ళీ చేయించారు, మళ్ళీ నవ్వారు. పరాంకుశం ఓ మూల నిలబడి ఆ నవ్వు చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన పళ్ళన్నీ ఒకేసారి కనపడటం అదే మొదలు.

పోనీ తను కనిపెట్టింది తక్కువదా అంటే, కాదు. మాటలో ముక్క పోతే పూడ్చుకోవచ్చు. ఎక్స్‌రేలో ముక్క పోతే ఎముకని ఊహించి గీసెయ్యలేం కదా. పోయినదాన్ని మళ్ళీ అడిగి తెప్పించుకోవాల్సిందే. లోకమంతా చేసేదేమిటంటే, అడిగినా రాకపోతే దారిలో రద్దీగా ఉందనుకుని కాసేపు ఆగి అడుగుతారు. అప్పటికీ రాకపోతే ఇంకాస్త ఎక్కువ ఆగి అడుగుతారు. అలా ఆగి ఆగి చివరికి మానేస్తారు. కొండదారిలో రద్దీ ఎక్కడిది? పొట్లం వానలో పోయింది, అంతే. అక్కడ ఒకసారి అడగడానికీ మళ్ళీ అడగడానికీ మధ్య ఎడం పెంచుకుంటూ పోతే బొమ్మ రేపటికీ రాదు. పరాంకుశం పద్ధతిలో ఎడం పెరగదు. అదే ఎడంతో, వచ్చేదాకా, అడుగుతూనే ఉంటుంది.

"అడిగేవాడికి విసుగు రాకూడదు మాస్టారూ. కిటుకంతా అందులోనే ఉంది," అని వివరించాడు, పని పూర్తయిన రోజున.

మాస్టారు మొదట్నించి చివరిదాకా చూశారు. "ఊఁ" అన్నారు.

ఆ పిల్లకి అంత నవ్వు, తనకి "ఊఁ". ఆ రోజునించి పరాంకుశానికి అన్నం సయించడం మానేసింది.

అసూయ పట్టినవాడికి ప్రతిదీ సాక్ష్యమే. సాయంత్రం మాస్టారు వరండాలోంచి "టీ!" అని కేకేస్తే తబస్సుమ్ చేతిలో పని చేతిలోనే వదిలి పరిగెత్తేది. సగం సగం పని, తప్పులతడక, అలాగే తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టేది. "ఇక్కడ ఆగిపోయింది మాస్టారూ, ఏం చెయ్యాల?" అనేది. పరాంకుశం లోపల్నించి "వస్తున్నా మాస్టారూ" అనేవాడు గానీ కదిలేవాడు కాదు. పూర్తికానిది చూపించడం అతనికి నామోషీ. తీరా వెళ్ళేసరికి టీ చల్లారిపోయి ఉండేది, వాళ్ళిద్దరూ దేనికో నవ్వుతుండేవాళ్ళు.

పేటెంటు దరఖాస్తు కూడా ఆమెదే ముందు వెళ్ళింది.

ఇంతలో వరుస పెట్టాల్సొచ్చింది. సన్నని దారిలో మాటా బొమ్మా కలిసి పోవాలంటే ఏ పొట్లం ముందో ఏది వెనకో ఎవరో ఒకరు చెప్పాలి. "మాట ముందు, బొమ్మ వెనక," అన్నారు మాస్టారు. న్యాయమే. ఆలస్యంగా వచ్చిన మాట ఎందుకూ పనికిరాదు, బొమ్మ కాసేపు ఆగినా బొమ్మే. అది పరాంకుశానికి తెలియంది కాదు. కానీ ఆయన నోటివెంట విన్నప్పుడు మాత్రం అది పొట్లాల సంగతిలా వినపడలేదు.

పరీక్ష రోజు వచ్చింది. పొద్దున్నే ఇద్దరు డాక్టర్లు వస్తారు. వాళ్ళు బాగుందంటే కొండమీది ఆస్పత్రులన్నిటికీ ఈ పద్ధతులు పెడతారు. కొండమీద నర్సు చిలకమ్మ ఫోన్ దగ్గర తయారుగా కూర్చుంది. వాళ్ళు రావడానికి కాస్త ముందు మిషను దగ్గర పరాంకుశం ఒక్కడే ఉన్నాడు.

వరుస తిరగేశాడు. బొమ్మ ముందు, మాట వెనక. రెండు మీటలు నొక్కితే అయిపోయింది. ఆ పిల్లని ఏదో చేసేద్దామని కాదు. ఒక్కసారి తనది జిగేల్మనాలి, ఆమెది కాస్త తడబడాలి, అంతే కోరుకున్నాడు. కోరుకున్నందుకు సిగ్గేసింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

డాక్టర్లు వచ్చి కూర్చున్నారు. చిలకమ్మ మొదలెట్టింది.

"డాక్ట... బాబూ... పిల్లోడు సెట్టు... సెయ్యి... రాత్రి..."

"ఏమ్మా? మళ్ళీ చెప్పు," అన్నాడు పెద్ద డాక్టరు.

మళ్ళీ చెప్పింది. ఈసారి అదీ రాలేదు. పూడ్చడానికి కూడా చుట్టూ కొన్ని ముక్కలు ఉండాలి కదా. డాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, చిన్నగా నవ్వుకుని లేచారు. "ముందు మాట సంగతి చూసుకోండి మాస్టారూ. తర్వాత కలుద్దాం," అని వెళ్ళిపోయారు. తబస్సుమ్ స్పీకరు తీగ ఊడిందేమోనని తడుముతోంది.

అందరూ స్పీకరు వైపు చూస్తుంటే మాస్టారు ఒక్కరే తెర వైపు చూశారు. తెరమీద ఎక్స్‌రే ఎప్పుడో వచ్చి కూర్చుంది, అంచులతో సహా.

"బొమ్మ ఎంత తొందరగా వచ్చిందో!" అన్నారు మెల్లగా.

అని, పరాంకుశం వైపు తిరిగారు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే నిలబడేవాడేమో. కాళ్ళకి ఎవరి చెప్పులు తగిలితే అవి వేసుకుని వీధిలో పడ్డాడు.

అల్లిపురంలో అతని గది. తలుపు గడియపెట్టి మంచంమీద కూలబడ్డాడు. ఇక ఆ గడప తొక్కే మొహం లేదు. అమ్మానాన్నల దగ్గరకంటే ఎక్కువ కాలం గడిపిన చోటు, రెండు మీటలతో పోయింది. సాయంత్రం బస్సుకి ఎటైనా పోదామని సంచీ తీసి చొక్కాలు మడతపెట్టడం మొదలెట్టాడు.

ఫోన్ మోగింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మిస్డ్ కాల్. చూస్తే మాస్టారిది.

బతుకంతా ఫోన్లతో గడిపిన ఆ మనిషి ఎవరికీ ఫోన్ చెయ్యరు. తిట్టడానికే అయ్యుంటుంది. తిట్టనీ, ఎత్తితే కదా అనుకున్నాడు.

కాసేపటికి మళ్ళీ మోగింది. రెండు మోతలు, అంతే. తర్వాత మళ్ళీ. ఫోన్ నోరు నొక్కేసి దిండు కింద పెట్టాడు. దిండు అంచులోంచి వెలుగు వచ్చింది, పోయింది. పెద్దాయన, ఓపిక ఎంతసేపుంటుంది, ఆయనే మానేస్తారులే అనుకున్నాడు. చొక్కాలు అయిపోయాయి. తువ్వాలు మడతపెట్టాడు. మళ్ళీ వెలుగు.

అప్పుడు అతని చేతులు ఆగాయి.

మనిషన్నవాడు ఒకసారి చేస్తాడు, ఎత్తకపోతే వెంటనే ఇంకోసారి చేస్తాడు. అప్పటికీ ఎత్తకపోతే భోంచేసి చేస్తాడు. ఆ తర్వాత రేపు చూద్దాంలే అంటాడు. ఎడం పెరగాలి. ఇది పెరగడం లేదు.

నమ్మలేక, దిండు తీసి, గడియారం ముందు పెట్టుకుని చూశాడు. వెలుగు వచ్చింది. మళ్ళీ చూశాడు. అదే ఎడం. ఇంకోసారి. అదే ఎడం.

మొదట ఒళ్ళు మండింది, వెక్కిరిస్తున్నారా అని. తర్వాత ఆ మంట నిలవలేదు. ఎక్కడో ఆ వరండాలో ఓ ముసలాయన గడియారం చూసుకుంటూ, ఇంకో పని లేనట్టు, బొటనవేలితో మీట నొక్కుతూ కూర్చున్నాడు. విసుగు రాకుండా. పరాంకుశానికి ఏడుపొచ్చేసింది. ఈసారి వెలుగు రాగానే ఎత్తేశాడు.

"మాస్టారూ..."

"నీ దగ్గర్నించి ఇంకా రాలేదు," అన్నారు మాస్టారు.

"ఏది మాస్టారూ?"

అప్పటికే పెట్టేశారు.

పరాంకుశం వెళ్ళేసరికి మాస్టారు వరండాలోనే ఉన్నారు. ఇతన్ని చూసి లోపలికి చూపించారు. లోపల తబస్సుమ్ కళ్ళు వాచిపోయి, మిషను ముందు కూర్చుని ఉంది. తను రాసిందంతా, తిరిగొచ్చిన దగ్గర్నించీ, విప్పి చూస్తోంది.

"యాడుందో తప్పు దొరకడంలా అన్నా," అంది తల తిప్పకుండానే.

"దొరకదు."

"ఏం?"

"నీదాంట్లో తప్పు లేదు. వరుస నేను మార్చాను. బొమ్మని ముందు పెట్టాను."

ఆమె చేతులు మీటలమీదే ఆగిపోయాయి. కుర్చీ అతని వైపు తిప్పింది.

"ఎందుకన్నా?"

దారి పొడుగునా అతను మర్యాదైన జవాబులు చాలా కూడబెట్టుకున్నాడు. ఒక్కటీ నోటికి రాలేదు.

"నువ్వంటే కుళ్ళు," అన్నాడు.

తబస్సుమ్ లేచి నిలబడింది. "ఆ డాక్టర్లు నవ్వుకుంటా పోయినారు. నాకు చాతగాదని హాస్టలుకి పోయి మా అమ్మకి ఫోన్ చేసి ఏడ్చినా. నీ అడుగుల్లో అడుగేసి నేర్చుకోవాలనుకున్నా నేను!" అని కీబోర్డు అతని వైపు తోసింది. "పెట్టు. ఎట్లుండేదో అట్లే పెట్టు."

పెట్టాడు. మాట ముందు, బొమ్మ వెనక. ఆమె ఫోన్ తీసుకుని కొండమీదికి పిలిచింది.

"చిలకమ్మక్కా, వినపడతాందా?"

"ఇప్పుడు పక్కన కూకుని మాటాడినట్టుందమ్మా," అంది చిలకమ్మ. "పొద్దున్నేటైపోనాదో గానీ."

"డాక్టర్ల దగ్గరికి నేనే వెళ్ళి చెప్తాను. పొద్దున ఏమైందో చెప్తాను," అన్నాడు పరాంకుశం.

"చెప్పు," అంది తబస్సుమ్. క్షమించానని మాత్రం అనలేదు.

అతను వరండాలోకి వచ్చాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. కాళ్ళమీద పడాలనుంది, ఎలా పడాలో తెలియక స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. అంతా అయిపోయింది, ఏడ్చాడు, ఒప్పుకున్నాడు, గుండె తేలికపడింది. అయినా మాయదారి కుళ్ళు అడుగున ఇంకో చుక్క మిగిలే ఉంది.

"మాస్టారూ," అన్నాడు. "పొద్దున ఆ అమ్మాయి కూడా ఏడుస్తూ హాస్టలుకి వెళ్ళిపోయిందట కదా."

"వెళ్ళింది."

"ముందు ఎవరికి చేశారు ఫోను?"

"తబస్సుమ్‌కే."

పరాంకుశం తల దించుకున్నాడు.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని అతన్ని తేరిపార చూశారు.

"ఆ పిల్ల మొదటిదానికే ఎత్తింది," అన్నారు. "మిగతావన్నీ నీవే."